తెర మీద డాలర్ గుర్తులు: పాత గ్రాఫిక్స్ కార్డులో చెడింది ఏ చిప్పు?

ప్రశ్న: నా దగ్గర రెండు పాత గ్రాఫిక్స్ కార్డులున్నాయి. ఒకటి 1 ఎంబీ ఐఎస్ఏ వీజీఏ కార్డు, అంటే పాత ఐఎస్ఏ స్లాట్‌లో పెట్టే మామూలు డిస్‌ప్లే కార్డు. దాని మీద మెమరీ చిప్పులు ఎనిమిది, అన్నీ సాకెట్లలోనే ఉన్నాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే ఖాళీగా ఉండాల్సిన చోటల్లా $ గుర్తులు వస్తున్నాయి. డాస్ ప్రాంప్ట్‌లో ‘సీ’ అక్షరం బదులు ‘జీ’ కనపడుతోంది. 16 రంగుల గ్రాఫిక్స్ ప్రోగ్రాం ఏది తెరిచినా నల్లటి చోట్ల సన్నటి నీలం నిలువు గీతలు. రెండోది 12 ఎంబీ వూడూ2, ఆటల్లో 3డీ బొమ్మల కోసం మాత్రమే పెట్టే కార్డు. ఆటలో గోడల మీద, నేల మీద ఎర్ర చుక్కలు చల్లినట్టు వస్తున్నాయి. నేను కదిలితే ఆ చుక్కలు కూడా గోడతో పాటే కదులుతాయి. ఒకే రంగు నింపిన చోట్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి. కార్డును ఓవెన్‌లో వేడి చేస్తే బాగవుతుందని ఒకరు, మెమరీ చిప్పులన్నీ పీకి కొత్తవి వేయమని ఇంకొకరు చెప్పారు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది, సాల్డరింగ్ కొంచెం వచ్చు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఓవెన్ సంగతి తేల్చేద్దాం. వద్దు. ఈ కార్డుల మీద ఉన్నది సీసం కలిసిన పాత టంకం. అది కరగాలంటే 183 డిగ్రీలు దాటాలి. కార్డు మీదున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లేమో 85 లేదా 105 డిగ్రీల వరకే తట్టుకునేలా చేసినవి. ప్లాస్టిక్ కనెక్టర్లూ, సాకెట్లూ ఉండనే ఉన్నాయి. కొత్త తరం కార్డుల్లో పెద్ద చిప్పు అడుగున కంటికి కనపడని టంకపు బొడిపెలు ఉంటాయి కాబట్టి, వేడి చేస్తే కొన్నాళ్లు పనిచేసి మళ్లీ పడకేసిన సందర్భాలు ఉన్నాయి. ఈ ఓవెన్ సలహా అక్కడ పుట్టిందే. మీ కార్డుల్లో ప్రతి కాలూ కంటికి కనపడుతుంది. ఏ కాలు ఊడిందో చూసి ఆ ఒక్కదాన్నే అతికించగలిగినప్పుడు కార్డు మొత్తాన్ని కాల్చడం ఎందుకు?

చిప్పులన్నీ మార్చమన్న సలహా కూడా అలాంటిదే. మీరు ఉత్తరంలో రాసిన లక్షణాలు చాలా చక్కగా ఉన్నాయి. మొదటి కార్డు విషయంలో చెడిన బిట్టు (0 లేదా 1 పట్టే స్థానం) ఏదో ఆ మూడు వాక్యాలే చెప్పేస్తున్నాయి. సాల్డరింగ్ ఐరన్ వేడెక్కే లోపు ఆ లెక్క చూద్దాం.

వీజీఏలో మెమరీని నాలుగు పొరలుగా, అంటే ప్లేన్లుగా విడదీశారు. టెక్స్ట్ మోడ్‌లో 0వ ప్లేన్‌లో అక్షరాల కోడ్లు, 1వ ప్లేన్‌లో ఒక్కో అక్షరానికి రంగు, 2వ ప్లేన్‌లో అక్షరాల ఆకారాలు ఉంటాయి. 3వ ప్లేన్‌కి టెక్స్ట్ మోడ్‌లో పనే లేదు. ఇప్పుడు మీ డాలర్ గుర్తు చూడండి. ఖాళీ స్థలం కోడ్ హెక్సాడెసిమల్‌లో, అంటే 16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో, 20. డాలర్ కోడ్ 24. తేడా 4, అంటే 2వ నంబరు బిట్టు. (బిట్లను 0 నుంచి లెక్కపెడతాం, వాటి విలువలు వరసగా 1, 2, 4, 8 ఇలా ఉంటాయి.) ‘సీ’ కోడ్ 43, ‘జీ’ కోడ్ 47. అక్కడా తేడా 4 మాత్రమే. అంటే 0వ ప్లేన్‌లో 2వ బిట్టు ఎప్పుడూ 1 గానే ఉండిపోతోంది. మీ ప్రాంప్ట్‌లో ఇంకో వింత కూడా ఉండాలి. ‘సీ’ తర్వాత వచ్చే : గుర్తు కోడ్ 3ఏ. దానికి 4 కలిస్తే 3ఈ, అంటే > గుర్తు. కాబట్టి ప్రాంప్ట్‌లో మొదట ‘జీ’, ఆ వెంటనే > కనపడుతూ ఉండాలి. చివర ఉండే > గుర్తులో ఆ బిట్టు ఎలాగూ 1 కాబట్టి అది మారదు. ‘డీ’ అక్షరం కూడా మారదు, దాని కోడ్ 44. తెర మీద కొన్ని అక్షరాలు సరిగ్గా, కొన్ని తప్పుగా ఉంటే చూసేవాళ్లకి అంతా గజిబిజిగా అనిపిస్తుంది. నిజానికి అంత క్రమశిక్షణ గల తప్పు ఇంకోటి లేదు.

ఇదే పద్ధతి మిగతా బిట్లకీ వర్తిస్తుంది. ఖాళీ చోట్ల ! వస్తే 0వ బిట్టు, " వస్తే 1వ బిట్టు, ( వస్తే 3వ బిట్టు, సున్నాలు వస్తే 4వ బిట్టు 1 దగ్గర ఇరుక్కున్నట్టు. నాకు వీటన్నిటిలో ఇష్టమైనది 5వ బిట్టు. అది ఇరుక్కుంటే ఖాళీలు ఖాళీలుగానే ఉంటాయి, ఇంగ్లిష్ పెద్ద అక్షరాలన్నీ చిన్నవైపోతాయి. అది 0 దగ్గర ఆగిపోతే చిన్న అక్షరాలన్నీ పెద్దవవుతాయి, అయితే అంకెలు వింత గుర్తులైపోతాయి. 1 దగ్గర ఇరుక్కున్నప్పుడు మాత్రం తెర చక్కగా చదవడానికి వస్తూ ఉంటుంది కాబట్టి మెమరీ మీద ఎవరికీ అనుమానమే రాదు.

అక్షరాలు సరిగ్గానే ఉండి రంగులు తప్పితే 1వ ప్లేన్‌ని అనుమానించాలి. మామూలుగా డాస్ తెర రంగు 07, అంటే నల్లటి నేపథ్యం మీద బూడిద రంగు అక్షరాలు. నేపథ్యం మొత్తం నీలమైతే 4వ బిట్టు ఇరుక్కున్నట్టు. తెర మొత్తం మిణుకుమిణుకుమంటే 7వ బిట్టు. ఇక 2వ ప్లేన్ చెడితే అక్షరం మారదు, దాని ఆకారం చెడుతుంది. ప్రతి అక్షరపు గడిలోనూ ఒకే చోట సన్నటి నిలువు గీత కనపడుతుంది, లేదా అక్షరాల్లో ఒక నిలువు వరస మాయమవుతుంది.

మీ నీలం గీతలు కూడా ఈ లెక్కకి సరిపోతున్నాయి. 16 రంగుల మోడ్‌లో 0వ ప్లేన్ నీలం, 1వది ఆకుపచ్చ, 2వది ఎరుపు, 3వది కాంతి. ఒక బైటులో, అంటే ఎనిమిది బిట్లలో, ఎనిమిది చుక్కలు ఉంటాయి, ఎడమ చివరి చుక్క 7వ బిట్టు. 2వ బిట్టు అంటే ఎడమ నుంచి ఆరో చుక్క. భూతద్దం పెట్టి చూడండి: నీలం గీతలు ప్రతి ఎనిమిది చుక్కలకి ఒకటి చొప్పున, ప్రతి గుంపులో ఆరో చుక్క దగ్గర ఉంటాయి. తెల్లటి చోట్ల అవి కనపడవు, ఎందుకంటే తెలుపులో నీలం ముందే ఉంది. ఇంకో పరీక్ష మీరు రాయలేదు, చేసి చూడండి. 320×200 కొలతలో 256 రంగులతో నడిచే పాత డాస్ ఆట ఏదైనా తెరవండి. ఆ మోడ్‌లో వరసగా వచ్చే నాలుగు చుక్కలు ఒక్కోటి ఒక్కో ప్లేన్‌లోకి వెళ్తాయి. కాబట్టి ప్రతి నాలుగో నిలువు వరసలోనే రంగులు తప్పాలి. అలాగే ఉంటే మన నిర్ధారణకి మూడో సాక్ష్యం దొరికినట్టే.

ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాం చాలు. మెమరీ నింపే ఆదేశంతో బి800 సెగ్మెంట్ (టెక్స్ట్ తెర మెమరీ ఉండే చోటు) మొదటి నుంచి 41, 07 అనే జతని తెరంతా నింపండి. బాగున్న కార్డులో అన్నీ ‘ఏ’ అక్షరాలే రావాలి. మీ దాంట్లో ‘ఈ’ అక్షరాలు వస్తాయి. తర్వాత ఆ చోటు నుంచే తిరిగి చదివించి, ఫలితాన్ని ఫైలులోకి పంపి వేరే కంప్యూటర్‌లో చూడండి, ఎందుకంటే మీ తెర మీద 1 అంకె కూడా 5 లాగే కనపడుతుంది. 41 బదులు 45 అని చదివితే తప్పు నిజంగా మెమరీ దారిలో ఉన్నట్టు. 41 అనే చదువుతూ తెర మీద మాత్రం తప్పుగా కనపడితే, తెరకి పంపే దారిని అనుమానించాలి. కొత్త కార్డుల్లో ఇదే పని స్క్రీన్‌షాట్ చేస్తుంది. తెర మీదున్న మచ్చలు స్క్రీన్‌షాట్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడు కూడా ఉంటే మెమరీ వైపు చూడాలి. లేకపోతే రామ్‌డాక్ (మెమరీలోని అంకెల్ని మానిటర్ సిగ్నల్‌గా మార్చే భాగం), కేబుల్, మానిటర్ చూడాలి. ఎరుపు రంగు మొత్తానికే రావడం లేదని మెమరీ చిప్పులు మార్చేవాళ్లు ఉంటారు. అలాంటప్పుడు చూడాల్సింది మానిటర్ కేబుల్లో వంగిపోయిన పిన్నుని.

సరే, బిట్టు దొరికింది. చిప్పు ఏది?

మీ కార్డు మీద ఎనిమిది చిప్పులతో 1 ఎంబీ అంటే ఒక్కోటి 256 కే × 4 రకం. అంటే ఒక్కో చిప్పు నాలుగు బిట్లు మోస్తుంది. ఎనిమిది చిప్పులకి 32 డేటా వైర్లు. నాలుగు ప్లేన్లు, ప్లేన్‌కి ఎనిమిది బిట్లు కూడా 32. అన్ని కార్డుల్లో అమరిక ఇంత సూటిగా ఉండదు. 512 కేబీతో కూడా పనిచేసేలా చేసిన కార్డుల్లో చిప్పుల్ని రెండు బ్యాంకులుగా, అంటే గుంపులుగా, వేరేలా పంచి ఉండొచ్చు. కాబట్టి బోర్డు మీదున్న నంబర్లని నమ్మి చిప్పు పీకకండి. కార్డుతోనే చెప్పిద్దాం.

దానికంటే ముందు ఒక పని. కరెంటు తీసేసి, కార్డు బయటికి తీసి, బల్ల మీద పెట్టి, ఒక్కో మెమరీ చిప్పునీ రెండు బొటనవేళ్లతో సాకెట్‌లోకి గట్టిగా నొక్కండి. చిన్న ‘టక్’ మన్న శబ్దం వస్తే ఆ చిప్పు ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారి, మెల్లగా పైకి జరిగినట్టే. మీ తప్పు ఎక్కడో ఒక్క అక్షరంలో కాకుండా తెరంతటా ఒకే బిట్టులో ఉంది. చిప్పు లోపల ఒక గది చెడితే ఇలా ఉండదు, ఒక చుక్కో ఒక గీతో చెడుతుంది. తెరంతా చెడిందంటే డేటా కాలు దగ్గరే తేడా ఉంది. పైగా ఎవరూ నడపకుండా గాల్లో వేలాడే ఇన్‌పుట్ చాలాసార్లు 1 గానే చదువుతుంది. అందుకే నా మొదటి అనుమానం సాకెట్ లూజ్ కాంటాక్ట్ మీద, చిప్పు మీద కాదు.

నొక్కినా మారకపోతే చిప్పుల్ని జాగ్రత్తగా తీయండి. ఒక వైపు నుంచే ఎత్తితే కాళ్లు వంగుతాయి, రెండు చివర్లా కొంచెం కొంచెం ఎత్తుతూ రండి. కాళ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నల్లబడి ఉంటే రాసుకునే రబ్బరుతో మెల్లగా రుద్దండి. సాకెట్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. తిరిగి పెట్టేటప్పుడు చిప్పు తల మీదున్న గంటు సాకెట్ గంటు వైపే ఉండాలి. ఈ రకం 20 కాళ్ల చిప్పులో 10వ కాలు 5 వోల్టులు, 20వ కాలు గ్రౌండు. తిప్పి పెడితే ఆ రెండూ తారుమారై చిప్పు అక్కడికక్కడే పోతుంది. మిగతా తప్పులన్నీ సరిదిద్దుకోవచ్చు కానీ దీనికి క్షమాపణ లేదు.

ఇప్పుడు చిప్పుని కనిపెట్టే పని. కరెంటు తీసి ఒక చిప్పు తీసేయండి, మళ్లీ ఆన్ చేసి తెర చూడండి. ఆ చిప్పు మోసే నాలుగు బిట్లూ తప్పుతాయి, మిగతావి బాగానే ఉంటాయి. ఏ చిప్పు తీసినప్పుడు పాత $ గుర్తులతో పాటు పక్కనున్న బిట్ల తప్పులు కూడా వచ్చి, మిగతా ప్లేన్లు పాడవకుండా ఉన్నాయో అదే మనం వెతికేది. ఒక్కోసారి కొన్ని చిప్పులు తీస్తే తెరే రాకపోవచ్చు. కార్డు బయోస్ (ఆన్ చేయగానే నడిచే లోపలి ప్రోగ్రాం) తన మెమరీని పరీక్షించుకుని ఆగిపోయినప్పుడు అలా జరుగుతుంది. కొన్ని మదర్‌బోర్డుల్లో ఆ సమయంలో బీప్‌లు వస్తాయి, పాత ఏఎమ్ఐ బయోస్‌లో ఎనిమిది బీప్‌లంటే డిస్‌ప్లే మెమరీ తప్పు అనే అర్థం. అప్పుడు ఆ చిప్పుని పక్కన పెట్టి మిగతావాటితో వెతకండి.

చిప్పు దొరికాక దాన్ని ఇంకో సాకెట్‌లోని చిప్పుతో మార్చండి. తప్పు చిప్పుతో పాటు వెళ్తే చిప్పు చెడింది. తప్పు పాత చోటే ఉంటే సాకెట్టో, ట్రాకో, సాల్డరింగో. ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది, జాగ్రత్త. అనుమానపు చిప్పు 3వ ప్లేన్ సాకెట్‌లోకి వెళ్తే టెక్స్ట్ తెర మొత్తం శుభ్రమైపోతుంది. బాగైపోయిందని సంబరపడి కేసు మూసేస్తారు. ఆ ప్లేన్‌కి టెక్స్ట్ మోడ్‌లో పని లేదని చెప్పాను కదా. 16 రంగుల మోడ్ తెరిచి చూస్తే అదే గీత ఇప్పుడు ముదురు బూడిద రంగులో కనపడుతుంది. మార్చిన ప్రతిసారీ టెక్స్ట్, 16 రంగులు, 256 రంగులు మూడూ చూడాలి.

తప్పు సాకెట్ దగ్గరే ఆగితే మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టండి. కరెంటు లేకుండా, ఎర్ర ప్రోబ్ గ్రౌండు మీద, నల్ల ప్రోబ్ డేటా కాలు మీద. ఈ చిప్పుల్లో డేటా కాళ్లు 1, 2, 18, 19. ఎనిమిది సాకెట్లలోనూ ఈ నాలుగేసి కాళ్లని కొలిచి కాగితం మీద రాసుకోండి. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు, అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. 31 చోట్ల ఒకలా ఉండి ఒక్క చోట అసలు రీడింగే రాకపోతే అక్కడ ట్రాక్ తెగింది, లేదా డ్రై సాల్డర్ (సరిగ్గా పట్టని అతుకు). సున్నా వస్తే షార్ట్. ఈ ఒక్క కొలత చేయడానికి బద్ధకించి సాయంత్రాలు వృథా చేసుకునేవాళ్లే ఎక్కువ.

మీ కార్డుకి అవసరం లేకపోయినా మిగతా రకాల తప్పుల గురించి రెండు ముక్కలు చెప్పాలి. తెర మీద బొమ్మ రెండు సార్లు కనపడినా, ఒక చోట రాసింది ఇంకో చోట కూడా ప్రత్యక్షమైనా, అది డేటా తప్పు కాదు, అడ్రస్ లైన్ తప్పు. ఈ చిప్పుల్లో 18 బిట్ల అడ్రస్‌ని తొమ్మిది కాళ్ల మీదే రెండు విడతల్లో పంపుతారు, మొదట వరస, తర్వాత నిలువు. అందుకే ఒక్క కాలు ఊడితే రెండు అడ్రస్ బిట్లు ఒకేసారి పోయి, బొమ్మ దగ్గర్లోనూ దూరంలోనూ కూడా పునరావృతమవుతుంది. మొదట అంతా బాగుండి, నిమిషాలు గడిచేకొద్దీ చుక్కలు పెరుగుతూ పోతే వేడి లేదా వోల్టేజీ వైపు చూడండి. చిప్పు 10, 20 కాళ్ల మధ్య కొలిచి 4.5 నుంచి 5.5 వోల్టుల మధ్య ఉందో లేదో చూస్తే సగం పని అయిపోతుంది. ఎక్కువ రిజల్యూషన్‌లో తెర కింది భాగం మాత్రమే చెడితే, చిన్న మోడ్‌లు ముట్టుకోని పై బ్యాంకు మెమరీని అనుమానించాలి.

చిప్పే చెడిందని తేలితే కొత్తది వెతికేటప్పుడు అమరిక 256 కే × 4 ఉండాలి, కాళ్ల అమరిక డిప్ రకానిదే (రెండు వైపులా సాకెట్‌లో దిగే కాళ్లున్నదే) కావాలి. వేగం నానోసెకండ్లలో పాతదానితో సమానంగానో, తక్కువ అంకెతోనో ఉండాలి. 70 ఉన్నచోట 60 పెట్టొచ్చు, 80 పెట్టకూడదు. పాత 30 పిన్ల సిమ్ముల్లో (కంప్యూటర్ మెమరీ పలకల్లో) మూడు చిప్పుల 256 కేబీ రకం దొరికితే, అందులో రెండు చిప్పులు సరిగ్గా ఈ అమరికవే. కాకపోతే అవి బోర్డు మీద అతికించే రకం, మీ సాకెట్‌లో పట్టవు. చిప్పులు బోర్డుకే అతికి ఉన్న కార్డు ఉన్నవాళ్లకి అవి బంగారం.

16 బిట్ల వెడల్పు చిప్పులున్న తర్వాతి కాలపు పీసీఐ కార్డులకి ఇంకో మెలిక ఉంది. 256 కే × 16 చిప్పులు రెండు జాతులు. ఒక దాంట్లో నిలువు అడ్రస్ వచ్చిందని చెప్పే క్యాస్ కాళ్లు రెండు, రాయమని చెప్పే రైట్ ఎనేబుల్ ఒకటి. ఇంకో దాంట్లో క్యాస్ ఒకటి, రైట్ ఎనేబుల్ రెండు. పైకి రెండూ కవలల్లా ఉంటాయి. తప్పు జాతి వేస్తే కొత్త చిప్పు కూడా చెడిందే అనుకుంటారు. కొనే ముందు డేటాషీట్ తెరిచి చూడాల్సిందే.

ఇక వూడూ2. ఇక్కడ తెరని చదివే పద్ధతి వేరు, ఎందుకంటే కార్డు మీద ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు మెమరీలున్నాయి. బొమ్మని తెరకి పంపే ఎఫ్‌బీఐ చిప్పుకి 4 ఎంబీ. గోడలకీ నేలకీ అంటించే బొమ్మలని, అంటే టెక్స్చర్లని చూసుకునే టీఎంయూలు రెండు, ఒక్కోదానికి 4 ఎంబీ. చిప్పు ఒక్కోటి 512 కేబీ కాబట్టి మూడు ఎనిమిదులు 24 చిప్పులు. అన్నీ మార్చమన్న మీ మిత్రుడు 24 చిప్పులు, ఒక్కో దానికి 40 కాళ్లు, మొత్తం 960 అతుకుల గురించి మాట్లాడుతున్నారన్నమాట. ఆ పని మధ్యలో మీరు కొత్త తప్పులు తెచ్చిపెట్టుకునే అవకాశమే ఎక్కువ.

చుక్కలు గోడతో పాటు కదులుతున్నాయని రాశారు. ఆ ఒక్క వాక్యం ఎనిమిది చిప్పుల్ని కేసులోంచి తప్పించింది. ఎఫ్‌బీఐ మెమరీ చెడితే మచ్చలు తెర మీద ఒకే చోట అంటుకుని ఉంటాయి, మీరు ఎటు తిరిగినా కదలవు, ఒకే రంగు నింపిన చోట్ల కూడా కనపడతాయి. ఎఫ్‌బీఐలో బొమ్మకి రెండు బఫర్లు, దూరాలు గుర్తుపెట్టుకోవడానికి ఒక డెప్త్ బఫర్ ఉంటాయి. ఒక బఫర్ ఉన్న భాగమే చెడితే మచ్చ ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్ వస్తూ మిణుకుమంటుంది. డెప్త్ బఫర్ చెడితే రంగులు బాగానే ఉంటాయి గానీ వెనకున్న వస్తువులు ముందున్న గోడని చీల్చుకుని, ఎప్పుడూ తెర మీద అదే చోట, కనపడతాయి. మీకు ఇవేవీ లేవు. కాబట్టి తప్పు టెక్స్చర్ వైపు ఉంది.

ఎరుపు కూడా ఏదో చెబుతోంది. 16 బిట్ల టెక్స్చర్‌లో సాధారణంగా ఎరుపుకి 5, ఆకుపచ్చకి 6, నీలానికి 5 బిట్లు. ఎరుపులో పెద్ద విలువ గల బిట్టు ఇరుక్కుంటేనే చుక్క అంత కొట్టొచ్చినట్టు కనపడుతుంది. చిన్న విలువ బిట్టు చెడితే మీరు గమనించేవారే కాదు, బహుశా ఎవరూ గమనించని అలాంటి తప్పులతో చాలా కార్డులు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

రెండు టీఎంయూల్లో ఏది? టెక్స్చర్ ఒక్క పొరే వాడే పాత ఆటలు నడిపి చూడండి, గోడ మీద వెలుగునీడల పొర విడిగా వేసే ఆటలు కూడా నడపండి. మొదటి రకం ఆటలో శుభ్రంగా ఉండి రెండో రకంలోనే చెడితే, రెండో పొర మోసే టీఎంయూ వైపు అనుమానం మళ్లుతుంది. వూడూ2 చిప్పులు తయారుచేసిన 3డీఎఫ్ఎక్స్ వాళ్ల మోజో అనే చిన్న ప్రోగ్రాం కూడా నడపండి. కార్డు మీద ఎన్ని టీఎంయూలు, ఎంత మెమరీ కనపడుతున్నాయో అది చెబుతుంది. 4 ఎంబీ ఉండాల్సిన చోట తక్కువ చూపితే వెతకాల్సిన గుంపు తేలిపోయినట్టే.

తర్వాత చిప్పుల జోలికి పోకుండా టీఎంయూ కాళ్లు చూడండి. ఆ చిప్పు కాళ్ల మధ్య దూరం అర మిల్లీమీటరు. కార్డుల్ని డబ్బాలో ఒకదాని మీద ఒకటి పడేస్తే ముందు దెబ్బతినేవి ఆ కాళ్లే, వాటి పక్కనుండే చిన్న రెసిస్టర్ ప్యాక్‌లూ. మంచి వెలుగు, భూతద్దం, ఒక చెక్క టూత్‌పిక్ తీసుకోండి. టూత్‌పిక్ కొనతో ఒక్కో కాలినీ పక్కకి అతి మెల్లగా తాకుతూ వెళ్లండి. అతికి ఉన్న కాలు రాయిలా ఉంటుంది. ఊడిన కాలు కొంచెం, వెంట్రుకవాసి, కదులుతుంది. చూపుకి రెండూ ఒకేలా మెరుస్తాయి కాబట్టి కంటిని నమ్మొద్దు. సూది, పిన్ను లాంటివి వాడకండి, జారి పక్క కాలిని వంచేస్తాయి. కదిలే కాలు దొరికితే దాని మీద ఫ్లక్స్ రాసి, శుభ్రమైన సన్నటి మొనతో ఒక్క క్షణం తాకితే చాలు, చాలాసార్లు కొత్త టంకం కూడా అక్కర్లేదు. నేను చూసిన ‘మెమరీ చెడిన’ వూడూ2ల్లో మెమరీ చిప్పు నిజంగా చెడినవి తక్కువ, కాళ్లు ఊడినవే ఎక్కువ.

కాళ్లన్నీ గట్టిగా ఉంటే, ఐఎస్ఏ కార్డుకి చెప్పిన డయోడ్ కొలతే ఇక్కడా. టీఎంయూకి 64 డేటా లైన్లు. నాలుగు చిప్పులు కలిసి ఒక బ్యాంకు, అలాంటివి రెండు, ఒకే లైన్లని పంచుకుంటాయి. కాబట్టి ఒక లైన్ మీద రీడింగ్ తేడాగా ఉంటే రెండు చిప్పులు అనుమానితులు. కొలత బాగుండి తప్పు అలాగే ఉంటే, ఆట నడుస్తుండగా ఒక్కో చిప్పు వీపు మీద పొడి వేలితో కొంచెం నొక్కి చూడండి. నొక్కినప్పుడు చుక్కలు మారితే అతుకు సమస్య. మిగతావాటి కంటే బాగా వేడిగా ఉన్న చిప్పు ఉంటే దాన్ని ముందు అనుమానించండి. ముట్టుకునే ముందు ఒంట్లోని స్టాటిక్ పోయేలా కేసు లోహాన్ని తాకడం మరిచిపోవద్దు.

చిప్పు తీయాల్సే వస్తే, వీటి కాళ్లు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి మామూలు ఐరన్‌తో ఒక్కో కాలూ ఎత్తలేరు. మీకు సాల్డరింగ్ కొంచెమే వచ్చంటున్నారు గనక తక్కువ వేడికి కరిగే బిస్మత్ మిశ్రమ టంకం వాడండి. దాన్ని రెండు వైపులా ధారాళంగా పరిస్తే పాత టంకంతో కలిసి చాలాసేపు ద్రవంగానే ఉంటుంది, చిప్పు దానంతటదే జారి వస్తుంది. బలవంతంగా లాగితే కింది ప్యాడ్ ఊడొస్తుంది, అప్పుడు చిన్న రిపేరు పెద్దదవుతుంది. తీశాక ఆ మిశ్రమాన్ని టంకం పీల్చే బ్రెయిడ్‌తో పూర్తిగా తుడిచేయాలి. అది మిగిలిపోతే కొత్త అతుకు బలహీనంగా ఉంటుంది. కొత్త చిప్పు వేగం విషయంలో రాజీ వద్దు. ఈ కార్డు మెమరీ 90 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, చిప్పుల మీద మామూలుగా 25 నానోసెకండ్ల గుర్తు ఉంటుంది. మామూలు కంప్యూటర్ మెమరీలోని 60 నానోసెకండ్ల ఈడీఓ చిప్పు కాళ్లు సరిపోయినా పనికి రాదు. నేనైతే వేరే కారణంతో చచ్చిపోయిన ఇంకో వూడూ2 వెతికి దాని నుంచే తీస్తాను.

మొదట ఐఎస్ఏ కార్డే పట్టుకోండి. అక్కడ సాల్డరింగ్ లేకుండానే పని అయిపోవచ్చు, డయోడ్ కొలతకి చెయ్యి కూడా అలవాటవుతుంది. బాగయ్యాక వెంటనే పక్కన పెట్టకుండా, కేసు మూసి, లోపల వేడెక్కేలా కొన్ని గంటలు నడపండి. చల్లగా ఉన్నప్పుడు అతికినట్టుండి వేడికి విడిపోయే అతుకులు అప్పుడే బయటపడతాయి. వూడూ2లో ఊడిన కాలు దొరక్కపోతే, ఏ టీఎంయూ వైపు తప్పు తేలిందో, ఆ గుంపులోని ఎనిమిది చిప్పుల మీదున్న నంబర్లు, డయోడ్ రీడింగుల పట్టిక రాసి పంపండి. చిప్పు మాత్రం అప్పటిదాకా తీయకండి.